శిశువిద్యకు వెల

గడచిన జూను నెలలో బడులు తెరచిన మొదటి వారమున ఒక యుదయము ఏడు గంటల వేళ మా వీథి చివర పసుపుపచ్చని బండి యొకటి వచ్చి నిలిచినది. మా ఉప్పునుంతల నుండి పట్టణపు బడులకు పిల్లలను గొనిపోవు బండి యది. మెడకు టైలు, కాళ్లకు బూట్లు, వీపున తమ కంటె పెద్దవైన సంచులు గల పసివారు నిద్ర తీరని కన్నులతో దాని నెక్కుచుండిరి. వారిలో నొక పాపకు నాలుగేండ్లు నిండియుండవు. ఆ బిడ్డ తల్లి కొంగు విడువక యేడ్చుచుండగా బండివాడు చిన్ని వ్రేళ్లను మెల్లగా విప్పి లోపల గూర్చుండబెట్టెను. వాకిట నిలిచి చూచుచున్న నా కోడలు లోపలికి వచ్చి, నా ముందొక కాగితము పెట్టి, "అత్తమ్మా, మనోడికి గూడ మూడేండ్లు నిండినయి. వచ్చే వారానికి సీట్లు అయిపోతయంట," అనెను.

ఆ కాగితము మీద నున్నవి అంకెలు మాత్రమే. బడి రుసుము 18,000 రూపాయలు, బండికి నెలకు 900 చొప్పున పది నెలలకు 9,000, పుస్తకములకు, దుస్తులకు, బూట్లకు 5,000, వెరసి 32,000. నా కుమారుడు బోరుబావుల మోటారులను బాగుచేయువాడు. నెల కొకతీరుగా నుండు ఆ సంపాదన సగటున 15,000 రూపాయలు. కోడలు కుట్టుపనివలన నాలుగు వేలు తెచ్చును. అనగా, పాలపండ్లు ఊడని బిడ్డను ఒక యేడు బడిలో గూర్చుండబెట్టుటకు ఇంటి మగవాని రెండు నెలల కష్టము చాలదన్నమాట. "ఎట్లు కట్టెదరు?" అని యడిగితిని. కోడలు మాటాడక తన మెడలోని గొలుసు వైపు చూచుకొనెను. మా పాలమూరు సీమలో జూను మాసము బంగారము కుదువబెట్టు మాసము. పూర్వము విత్తనముల కొరకు పెట్టుచుండిరి. ఇప్పుడు విత్తనముల కొరకును, బడుల కొరకును పెట్టుచున్నారు.

నేను ముప్పదియైదేండ్లు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో పనిచేసి 2019లో విశ్రాంతి గైకొన్నదానను. కొన్ని వందలమంది పిల్లలచేత పలకపై అక్షరములు దిద్దించిన చేతులివి. ఇంట నేనుండగా ఈ ఖర్చేల యని తోచి, "వానికి నేను చెప్పనా?" అంటిని. దానికి కోడలు చెప్పిన సమాధానము నన్ను చాలదినములు వెన్నాడెను. "మీరు చెప్పేదానికి తక్కువేం లేదు అత్తమ్మా. కానీ ఇంటికాడ చదివింది ఎవరు లెక్కవెడతరు? రేపు ఒకటో తరగతికి పోతే యూకేజీ అయిందా అని అడుగుతరు."

ఆమె మూర్ఖురాలు కాదు. పదునాలుగేండ్లకు ముందు ఇంటర్మీడియట్ చదివి, పెండ్లిచే చదువు మానిన బిడ్డ. తనకు దొరకనిది కుమారునకు దొరకవలెనను కోరిక తప్పు కాదు. తప్పు మరెచ్చటనో యున్నది. దానిని వెదకుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ రాత్రియే ఇంగ్లండులో నున్న నా కుమార్తె ఫోను చేసినది. ఆమెకు రెండేండ్లు దాటిన పాప కలదు. మా యింటి కాగితము సంగతి చెప్పగా ఆమె నవ్వి, "అమ్మా, మీరు ఏడాదికి కట్టేది ఇక్కడ పది రోజులకు గూడ రాదు," అనెను. పాపకు ఏడాది నిండగానే ఆమె ఉద్యోగమునకు మరలిపోయినది. శిశుశాలకు నెలకు 1,200 పౌనులు. పన్నులు పోగా ఆమె చేతికి వచ్చునది 2,200. సగము కంటె నెక్కువ జీతము బిడ్డను చూచువారికే చెల్లినది. పిదప ఆమె వారమునకు మూడు దినములు మాత్రమే పనిచేయ మొదలుపెట్టినది. రుసుము తగ్గినది, జీతమును తగ్గినది. మిగులు మాత్రము పెరుగలేదు. పదేండ్లు కష్టపడి సంపాదించిన పనితనము చేజారునేమో యని ఆమె భయము.

ఒక తల్లి కడుపున పుట్టిన యిద్దరి బిడ్డలు, ఒకరు దుందుభి వాగు చెంత, ఒకరు సముద్రముల కావల. ఇద్దరి యిండ్లలోను అదే లెక్క, అదే నిట్టూర్పు. కాని యీ రెండు లెక్కలును ఒకటి కావని తెలిసికొనుటకు నాకు కొంతకాలము పట్టినది.

ఇంగ్లండులో శిశుపోషణము ప్రియమగుటకు ముఖ్యకారణము మనుష్యుల లెక్క. రెండేండ్ల లోపు శిశువులు ముగ్గురికి ఒక సంరక్షకురాలు ఉండవలెనని అచ్చటి నిబంధన. రెండేండ్లవారు ఐదుగురికి ఒకరు. మూడేండ్లు దాటినవారు సామాన్యముగా ఎనమండుగురికి ఒకరు. నూలు వడకుటకు యంత్రము వచ్చినది, వడ్లు దంచుటకు యంత్రము వచ్చినది. ఏడ్చు బిడ్డను ఎత్తుకొనుటకు యంత్రము రాలేదు, రాదు. కావున ఇతర వస్తువుల వెలలు తగ్గినను ఈ పని వెల తగ్గదు. మనుష్యుల జీతములు పెరిగిన కొలది పెరుగును. ఆ భారమును ఎవరు మోయవలెననునదే ప్రశ్న. తల్లిదండ్రులా? దేశమా?

ఐరోపా దేశములు దీనికి వేరువేరు విధముల సమాధానము చెప్పినవి. ఫ్రాన్సు 2019 నుండి మూడేండ్లు నిండిన ప్రతి శిశువునకు విద్యను నిర్బంధము గావించినది. అచ్చటి ప్రభుత్వ శిశుపాఠశాలలలో రుసుము లేదు. స్వీడను దేశము 2002లో తల్లిదండ్రులు చెల్లింపవలసిన దానికి ఒక మితి యేర్పరచినది. జర్మనీలో ఏడాది నిండిన బిడ్డకు శిశుశాలలో చోటు పొందు చట్టబద్ధమైన హక్కు 2013లో అమలునకు వచ్చినది. బెర్లిను నగరము 2018లో రుసుమునే తీసివైచినది. ఇంగ్లండు ఆలస్యముగా మేలుకొని, ఉద్యోగము చేయు తల్లిదండ్రుల బిడ్డలకు తొమ్మిది నెలల వయస్సు నుండి వారమునకు 30 గంటలు, ఏడాదికి 38 వారములు ప్రభుత్వ ధనముతో నడుపు పద్ధతిని 2024 నుండి అంచెలంచెలుగా తెచ్చి, 2025 సెప్టెంబరులో పూర్తిచేసినది. కాని యీ సాయము నా మనుమరాలికి అందలేదు. తల్లిదండ్రు లిద్దరును ఉద్యోగపు వీసా మీద నుండి, ప్రభుత్వ సాయమునకు అర్హులు కానివారైనచో ఆ 30 గంటలు వారికి రావు. మూడేండ్లు నిండిన పిదప అందరు శిశువులకు దొరకు 15 గంటలు మాత్రము దొరకును. పన్ను కట్టుటకు పనికివచ్చిన యిల్లు సాయము పొందుటకు పనికిరాదయ్యెను. సంపన్న దేశములందును కంచెలు లేకపోలేదు.

అయినను అచ్చట రుసుములో అధికభాగము బిడ్డను చూచు మనిషికే పోవును. మరి మన రుసుము ఎచ్చటికి పోవుచున్నది?

పట్టణములో నట్టి యొక చిన్నబడిలో పాఠము చెప్పు యువతి నాకు పూర్వశిష్యురాలు. ఒకనాడు సంతలో కనబడినప్పుడు అడిగితిని. ఆమె తరగతిలో నలుబదిమంది శిశువులు; ఆమె జీతము నెలకు 7,000 రూపాయలు. మిగిలిన ధనము బండికి, డీజిలుకు, అద్దె భవనమునకు, రంగుల పలకలకు, అప్పుల వడ్డీకి పోవుచున్నదట. ఆ బడివారు దొంగలని నేననను. వారును వడ్డీలు కట్టుకొనుచున్నవారే. కాని నలుబది మంది పసివారి నడుమ ఒక్క ఆడబిడ్డ యేమి చేయగలదు? చేతులు కట్టుకొని నోళ్లు మూసికొండని చెప్పగలదు. రెండు గీతల పుస్తకములో ఇంగ్లీషు అక్షరములు నింపించగలదు. మూడేండ్ల బిడ్డకు వలసినది వినుట, పాడుట, మట్టితో ఆడుట, గింజలు లెక్కించుట, ప్రశ్నలడుగుట. ఇంగ్లండులో నా కుమార్తె మనుష్యుల కొరకు ప్రియముగా చెల్లించుచున్నది. ఇచ్చట మేము బండి కొరకు, టై కొరకు ప్రియముగా చెల్లించుచున్నాము. నగరములలో ఈ పోటీ యింకను హెచ్చినది. 2025లో హైదరాబాదులోని యొక బడి నర్సరీ తరగతికి ఏడాదికి రెండున్నర లక్షల రూపాయలు కోరినదని తెలుపు పట్టిక పత్రికలలో గొప్ప చర్చకు కారణమైనది. అది విని మా యూరివారు ఆశ్చర్యపడిరి గాని, తమ రాబడితో పోల్చి చూచుకొన్నచో తామును ఆ త్రోవనే నడచుచున్నామని గుర్తింపలేదు.

ఈ యాలోచనలతో ఒకనాడు మా యూరి అంగన్వాడీ కేంద్రములలో నొక దానికి వెళ్లితిని. సిగ్గుతో చెప్పుచున్నాను: మా యింటికి రెండు వీథుల దూరములో నున్న ఆ గదిలో ఉపాధ్యాయురాలనైన నేను అంతకు ముందు అడుగు పెట్టలేదు. లోపల పదునొకండుగురు పిల్లలు. అందరును పత్తిచేలకు, ఉపాధిపనికి పోవువారి బిడ్డలు. ఒక ప్రక్క ఆయమ్మ గ్రుడ్లు ఉడికించుచుండెను. టీచరు ఒక చేత బిడ్డను త్రాసు మీద నిలుపుచు, రెండవ చేత ఫోనులో బరువు నమోదు చేయుచుండెను. నన్ను చూచి లేచి, "మీరొచ్చిన్రా మేడం! ఇక్కడికి ఎవరొస్తరు?" అనెను. ఆ మాటలో సంతోషము కంటె ఆశ్చర్యమే యెక్కువ.

నేను రెండు గంటలు గూర్చుంటిని. పిల్లలు చింతగింజలను అయిదేసి కుప్పలుగా పోయుచుండిరి. ఒక పిల్లవాడు వాన పాట పాడెను. ఇరువదేండ్ల నుండి ఈ పని చేయుచున్న ఆ స్త్రీకి శిశువుల మనస్సు నా కంటె బాగుగ తెలియునని గ్రహించితిని. కాని ఆమెను పాఠము చెప్పనిచ్చువారెవరు? ఈ పథకములో చెప్పబడిన సేవలు ఆరు: అనుబంధాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, పెద్దాసుపత్రికి పంపుట, తల్లులకు పోషకాహార బోధన, శిశువిద్య. ఆరింటిలో చదువు ఒక్కటి. ఆరింటికిని టీచరు ఒక్కతె. వీటికి తోడు 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో దినదినము వివరములు నింపవలెను. 2021 నాటి పెంపుతో తెలంగాణములో ఆమెకు వచ్చు గౌరవవేతనము నెలకు 13,650 రూపాయలు. అందుకే 2023 సెప్టెంబరులో రాష్ట్రమంతట వీరు సమ్మె చేసిరి. ఇదిగాక, పత్తి తీయబోయిన తల్లి చీకటిపడి గాని యిల్లు చేరదు. కేంద్రము అంతకు చాల ముందే మూతపడును. మధ్య గంటలలో ఆ బిడ్డను చూచునది ఎనిమిదేండ్ల యక్క. ఆ యక్క చదువు కూడ శిశువిద్య వెలలో నొక భాగమే. అది ఏ రసీదులోను కానరాదు.

అంగన్వాడీ బీదల కొరకైన తక్కువ రకపు బడి యని మనవారి తలంపు. దాని పుట్టుక తెలిసిన యెడల అట్లు తలచరు. గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామమునకు తరలివెళ్లి, బడికి రాలేని బిడ్డల ముంగిటికే బడిని గొనిపోవలెనని సంకల్పించినది. అంగన్ అనగా ముంగిలి. ఆ ముంగిలిబడియే అంగన్వాడీ. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు ప్రథమాధ్యక్షురాలైన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలమున పల్లెలలో బాలవాడీలు వెలసినవి. 1975 అక్టోబరు 2న దేశములోని 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము నేటి కేంద్రములకు మాతృక.

మరియా మాంటిస్సోరి పేరు నేడు ఖరీదైన బడుల పలకలపై వెలుగుచున్నది. ఆమె 1907 జనవరి 6న తన మొదటి శిశుగృహమును తెరచినది ధనికుల వీథిలో కాదు, రోము నగరములో సాన్ లొరెంజో యను కూలివారి పేటలో. తల్లులు పనికి పోగా పసివారు గోడలు పాడుచేయుచుండిరని, మరమ్మతుల ధనమును బడికి మళ్లించుట మేలని ఆ యిండ్ల యజమానులు తలచిరి. ఆ బడిలో రుసుము లేదు. కాని తల్లిదండ్రులకు కొన్ని విధులు గలవు: బిడ్డను శుభ్రముగా పంపవలెను, తల్లి వారమున కొక్కసారియైన వచ్చి ఉపాధ్యాయినితో బిడ్డను గూర్చి మాటాడవలెను. ధనము చెల్లించువాడు బండి యెక్కించి తన పని తీరెననుకొనును. ధనము చెల్లింపనివాడు తాను రావలెను, చూడవలెను, అడుగవలెను. ఆ రెండవ వెలను మనము మరచితిమి.

మన శాసనములు కూడ ఆరేండ్ల లోపు బిడ్డను గుమ్మము నొద్దనే నిలిపివైచినవి. 1950 నాటి రాజ్యాంగపు 45వ అధికరణము పదునాలుగేండ్లు నిండువరకు బాలలందరికి పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య కల్పింప యత్నింపవలెనని చెప్పినది. అందు మూడేండ్ల బిడ్డను వేరుచేయలేదు. మన రాష్ట్రము కక్షిగానున్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యములో 1993లో సుప్రీముకోర్టు పదునాలుగేండ్ల వరకు విద్య హక్కని తీర్పు చెప్పెను. పిదప 2002లో వచ్చిన 86వ సవరణము ఆరు మొదలు పదునాలుగేండ్లవారికి మాత్రము హక్కునిచ్చి, ఆరేండ్ల లోపువారిని ప్రభుత్వము యత్నింపవలసిన విషయముగా విడిచినది. 2009 నాటి విద్యాహక్కు చట్టమును అంతే. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు నొకే పునాది దశయని చెప్పినది. పునాదిలో నగము హక్కు, నగము దయ! ఇల్లు ఎట్లు నిలుచును?

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. 1992లో నేను ఈ మండలములో నొక పల్లెబడిలో పనిచేయుచుంటిని. నా పిల్లలను మాత్రము నెలకు ముప్పది రూపాయల రుసుమిచ్చి పట్టణపు బడికి పంపుచుంటిని. ఒకనాడు వలసకు పోవుచున్న యొక కూలివాడు తన కొడుకును అవ్వ దగ్గర విడిచి, నాకు అప్పగింప వచ్చెను. "వీన్ని మీ పిల్లల లెక్క చూసుకోండ్రి టీచరమ్మా," అని, కొంత తడవు తరగతిలోనికి చూచి, "మీ పిల్లలేరి?" అని యడిగెను. ఆతని మాటలో కపటము లేదు. నాకు నోట మాట రాలేదు. ముప్పదియేండ్లు దాటినను ఆ ప్రశ్న నా చెవిలో నున్నది. నేను విశ్రాంతి పొందునాటికి నే నున్న బడిలో మిగిలినవారు పదునెనిమిదిమంది. బడి చెడి పిల్లలు పోయిరా, పిల్లలు పోయి బడి చెడెనా యని లోకము తర్కించును. నాకు తెలిసినది ఒక్కటి: ప్రశ్నింపగల యిండ్ల బిడ్డలు ముందు పోయిరి, వారితో ప్రశ్నయు పోయినది. నేడు నా కోడలి చేతిలోని 32,000 రూపాయల కాగితములో నేను నాడు కట్టిన ముప్పది రూపాయలు కూడ చేరియున్నవి.

కోడలితో ఈ మాటలన్నియు చెప్పితిని. ఆమె చాలసేపు ఆలోచించి, ఒక షరతు పెట్టినది: ఒక్క యేడు అంగన్వాడీకి పంపుదము, నేను కూడ దినమునకు రెండు గంటలు వెళ్లవలెను, ఏడాది చివర వాడు వెనుకబడెనని తోచిన యెడల నా గాజులు కుదువబెట్టియైన పట్టణమునకు పంపవలెను. న్యాయమైన షరతే. ఒప్పుకొంటిని.

అప్పటి నుండి వెళ్లుచున్నాను. టీచరు ఫోనులో లెక్కలు నింపుచుండగా నేను కథలు చెప్పుదును. మా వీథి నుండి మరి యిద్దరు బిడ్డలు వచ్చిరి. మరుగుదొడ్డి తలుపునకు గడియ లేకుండెను. తల్లులు నలుగురు కలసి వడ్రంగిని పిలిపించిరి. ఇవి గొప్ప విజయములు కావు. మొన్న నొకనాడు వీథిలో పసుపుపచ్చని బండి పోవుచుండగా మా మనుమడు నా చేయి లాగి, "నానమ్మా, నేను గూడ బస్సెక్కుత," అని యేడ్చెను. కోడలు నా వంక చూచినది. నేను ఏమియు చెప్పలేకపోతిని. ఏడాది యింకను నిండలేదు.

సోదరీమణులారా, ఆరేండ్ల లోపు బిడ్డ చదువు దయ గాక హక్కు కావలెను. కేంద్రములో చదువు చెప్పుట కొకరు, ఆరోగ్యపు పని కొకరు వేరుగా నుండవలెను. కూలితల్లి యిల్లు చేరువరకు తలుపు తెరచియుండవలెను. ఇందులకు ప్రభుత్వము ధనము వెచ్చింపవలసినదే. దానిని అడుగుట మన విధి. అయితే అడుగువారి బిడ్డ అచ్చట లేనిచో ఆ కోరికను ఎవ్వరును వినరని నా జీవితమే నాకు నేర్పినది. మీ బిడ్డలను పంపలేకపోయినను, సాన్ లొరెంజో తల్లుల వలె వారమున కొక్కసారి మీ వీథిలోని కేంద్రమునకు వెళ్లి గూర్చుండుడు. ఎందరు పిల్లలో లెక్కించుడు. ఏమి లేదో అడుగుడు. వారమునకు ఒక్క గంట: శిశువిద్యకు ఆ మాత్రపు వెల మనలో నెవ్వరికి భారము?